పొగ దాటని గోడ

ఎనభై దాటిన మా చిన్నమ్మ పోయిన నెల నలుగురి ముందూ నన్ను బీడీ అడిగింది.

హిందూపురంలో ఆమె కొడుకు, అంటే మా తమ్ముడు, ఇంట్లో ఏవో మార్పులు చేయిస్తున్నాడంటే చూసి వద్దామని వెళ్లాను. మోకాళ్ల నొప్పులతో చిన్నమ్మ మేడ మెట్లు ఎక్కలేకపోతోంది. అందుకని కింద హాల్లోనే ఒక మూలకు గోడ పెట్టి ఆమెకు గది చేస్తున్నారు. గోడంటే ఇటుకలూ కాదు, రాళ్లూ కాదు. తెల్లటి జిప్సం అట్టలు తెచ్చి, స్థలం కలిసొస్తుందని ఇనుప చట్రానికి ఒకవైపే మరలతో బిగించారు. పొద్దున లేని గోడ మధ్యాహ్నానికల్లా లేచి నిలబడింది. పనివాడు ఒక అట్టకూ ఇంకో అట్టకూ మధ్య ఉన్న సందుల మీద కాగితం పట్టీ అంటించి, దాని మీద తెల్లటి ముద్ద పూసి, వెడల్పాటి రేకుతో కిందికి లాగుతున్నాడు. అది ఆరాక ఉప్పుకాగితంతో రుద్దాలట, మళ్లీ పూయాలట, మళ్లీ రుద్దాలట, ఆ తర్వాతే రంగు డబ్బా మూత తీయాలట. ఇల్లంతా తడిసిన సుద్దముక్క వాసన. చిన్నమ్మ కుర్చీలో కూర్చుని ఆ పనిని రెప్ప వేయకుండా చూసింది. చూసి చూసి నా వైపు తిరిగి, "పాపా, బీడీ ఉండాదా?" అంది. నాకు డెబ్బై దాటినా ఆమెకు నేను పాపనే.

మా మరదలి చేతిలో కాఫీ ఒలికింది. తమ్ముడు "ఏందమ్మా నువ్వు!" అని చుట్టూ చూశాడు. పనివాడొక్కడే మర్యాద తెలిసినవాడు, వెంటనే జేబు తడుముకున్నాడు. నేనూ చిన్నమ్మా ఒకరి మొహం ఒకరు చూసుకుని, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాం. మా మరదలు మంచిది కాబట్టి వయసు మీద పడిందనుకుని ఊరుకుంది. ఆ బీడీ సంగతి చెప్పాలంటే గుమ్మఘట్ట పక్కన మా పాత మిద్దె దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

ఆ మిద్దెలో గదులు లేవు. రాతి కంబాల మీద నిలబడ్డ నట్టిల్లు ఒకటి, దాని ముందు పడసాల, వెనక దొడ్డి, అంతే. నట్టింట్లోనే మా నాయన విత్తనాల మూటలు, అమ్మ పొయ్యి, అవ్వ మంచం, చిన్నాయన పెట్టె, నా పలక. ఎవరు ఎవరితో ఏం మాట్లాడినా ఇంటిల్లిపాదికీ చెప్పినట్టే. అవ్వ పొద్దున్నే లేచి రాతి రోట్లో వక్కాకు దంచుకుంటూ, పొలం నుంచి దేవుడి దాకా అందరినీ వరసగా తిట్టేది. వాన పడని ఏడు దేవుడి వంతు కాస్త ఎక్కువసేపు సాగేది. ఆ తిట్లు వింటూ లేవడం నాకెంత అలవాటంటే, పెళ్లయి వేరే ఊరు వెళ్లాక మొదట్లో పొద్దున్నే మెలకువ వచ్చేది కాదు. మధ్యాహ్నం సంగటి ఉడికే వాసన, ఊరిబిండి పచ్చడికి వేయించిన శెనక్కాయల వాసన, పడసాలలో చిన్నాయన కుట్టుమిషన్‌కు పోసే నూనె వాసన, మూడూ కలిసిపోయి ఏది తింటున్నామో తెలిసేది కాదు.

చిన్నాయన మా ఊరికి దర్జీ. చేతిలో పనితనం ఉంది, కుట్టు సూటిగా వచ్చేది, కాజాలు చక్కగా వేసేవాడు. ఒక్కటే లోపం. కొత్త గుడ్డను కోసే ముందు నానబెట్టి ఆరేయాలి కదా, ఆ పని చేసేవాడు కాదు. తాగడానికి నీళ్లు లేని ఊళ్లో గుడ్డలకు నీళ్లు తాపేదేంది అనేవాడు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు, కానీ ఆ న్యాయం చొక్కాలకు తెలియదు. ఒక్క ఉతుకు పడిందంటే తండ్రి చొక్కా కొడుక్కి సరిపోయేది. జనం తెలుగులో తిట్టేవాళ్లు, కన్నడంలో తిట్టేవాళ్లు, చేతులు చాలని చొక్కా తొడుక్కుని వచ్చి మరీ తిట్టేవాళ్లు. చిన్నాయన అన్నీ విని, "బిగుతుగా ఉంటే బలే ఉండావన్నా" అని పంపించేవాడు. నా పరికిణీలన్నీ మోకాళ్ల దగ్గరే ఆగిపోవడానికి ఆయనే కారణం.

అట్లాంటి చిన్నాయనకు చిలమత్తూరు పిల్లతో పెళ్లయింది. పిల్ల తండ్రి పెళ్లికి ముందు మా ఇంటికి రాలేదు. సొంత కుట్టుమిషన్ ఉన్న అల్లుడన్న మాటకే ఒప్పేసుకున్నాడు. పెళ్లి వాళ్ల ఊళ్లో జరిగింది. పిల్లను కాపురానికి పంపే ముందు ఇల్లొకసారి చూసి పోతానని, అంత దూరం నుంచి రైలూ బస్సూ మారి, మిగిలింది నడిచి వచ్చాడాయన. నేను ఆయన్ని చిలమత్తూరు తాత అనేదాన్ని. పెద్ద మీసాలు, చిన్న కళ్లు, చెవి వెనక ఎప్పుడూ ఒక బీడీ. కాళ్లు కడుక్కుని, మజ్జిగ తాగి, నట్టింట్లో నాలుగు వైపులా చూశాడు.

"ఏమప్పా, గది యాడుండాది?" అన్నాడు.

"ఆ కంబం అవతల, మామా" అన్నాడు నాయన.

"కంబం కనపడతాండాది. గది కనపడల్యా."

"చీర అడ్డం కట్టుకుంటే గదే గదా, మామా."

చిలమత్తూరు తాత చెవి వెనక బీడీ తీసి వేళ్ల మధ్య నలిపాడు. "మా ఊర్లో గాదెలో గింజలు పోసే ముందు లోపల పొగబెట్టి సూస్తాము. యాడన్నా సందుంటే పొగ బయటికొస్తాది. గింజలకే అంత సూస్తే, నా బిడ్డకు సూడొద్దా? గోడ పెట్టండప్పా. నేనొచ్చి లోపల కూచోని బీడీ కాలుస్తా. పొగ ఇవతలికి రాకుంటే పిల్లొస్తాది. వచ్చిందంటే పిల్ల రాదు" అన్నాడు. అనేసి, ఓళిగలు రెండు తిని, ఇంకో రెండు మూట కట్టించుకుని వెళ్లిపోయాడు.

"బీడీ తాగేకి ఇంత దూరమొస్తాడంటనా ఈయప్ప?" అంది అవ్వ.

అందరం నవ్వాం, చిన్నాయన తప్ప. ఆయన పెళ్లిపీటల మీద పిల్ల మొహం సరిగ్గా చూశాడో లేదో కూడా తెలియదు, కానీ ఆ రోజు నుంచి ఆయనకు లోకంలో గోడ తప్ప ఇంకో ధ్యాస లేదు. కుడుతున్న చొక్కా వదిలేసి లేచి, కంబానికీ కంబానికీ మధ్య టేపు పట్టుకుని కొలిచేవాడు. వేరే ఏడైతే మట్టిగోడ పెట్టడం పెద్ద పని కాదు. మట్టి నానబెట్టి, తొక్కి, వరస మీద వరస వేసుకుంటూ పోవడమే. ఆ ఏడు మా బావిలో బొక్కెన వేస్తే నీళ్లకంటే ముందు బండ చప్పుడు వినిపించేది. అమ్మ బిందె తీసుకుని పొరుగూరి చేను దాకా పోయి వచ్చేది. మట్టి తొక్కడానికి నీళ్లు అడిగితే నాయన, "మనకు తాగేకి ల్యాకపోతే గోడకు తాపమంటావేమిరా?" అని కసిరాడు. అంచేత నీళ్లు తగలని గోడ ఒకటి కావాల్సి వచ్చింది. ఇప్పుడు హిందూపురంలో తమ్ముడు ఇంత ఖర్చు పెట్టి కట్టించుకుంటున్న పొడిగోడను మేము అప్పుడే, గతిలేక, కనిపెట్టాం.

రాయదుర్గం బజారులో టీపొడి వచ్చే చెక్కపెట్టెలు ఖాళీవి అమ్మేవాళ్లు. పలచటి పలకలు, అంచులకు రేకు. చిన్నాయన బండెడు పెట్టెలు తెచ్చి, విప్పి, పలకలను కంబాల మధ్య నిలబెట్టిన గుంజలకు మేకులతో కొట్టాడు. తలుపుతో సహా గోడ లేచింది. నట్టిల్లంతా టీ వాసన నిండింది. మా ఇంట్లో అప్పటికి ఎవరూ టీ తాగి ఎరుగరు. అవ్వ రెండు రోజులు తల తిరుగుతోందని పడుకుంది, మూడో రోజు లేచి ఆ పలకల దగ్గరే మంచం వేయమంది. గోడ నిండా ఎవరికీ తెలియని నల్లటి అక్షరాలు, అంకెలు, ఒకచోట తలకిందులుగా ఏనుగు బొమ్మ. పెట్టె పలక మూరెడు కూడా ఉండదు కాబట్టి, ఆ గోడకు పలకల కంటే సందులే ఎక్కువ. ఇటువైపు నుంచి చూస్తే అటువైపు నాయన మీసం, దాని కింద ఇంకో సందులో గుండీ, ఇంకా కింద పంచె అంచు, విడివిడిగా కనిపించేవి. మొదట ఎర్రమట్టీ పేడా కలిపి సందుల్లో కూరారు. మా గాలికి తడి ఎక్కడిది, మర్నాటికే ఎండి పెళుసై, అవ్వ తుమ్మితే రాలింది.

అప్పుడు చిన్నాయనకు తన విద్య గుర్తొచ్చింది. "ఇవి సందులు కావన్నా, కుట్లు. గోడకు పైపింగ్ ఏస్తా సూడు" అన్నాడు. దుకాణం నుంచి కొత్త కోరాగుడ్డ తెచ్చి, నాలుగు వేళ్ల వెడల్పు పట్టీలుగా కోశాడు. అమ్మ చేత రాగి అంబలి చిక్కగా కాయించి, పట్టీకి పూసి, సందు మీద అంటించి, బిగుతుగా లాగి అణిచాడు. బిగుతంటే ఆయన బిగుతే. పైన సున్నం నీళ్లలో కాస్త నీలిమందు కలిపి కొట్టాడు. చెప్పకూడదు గానీ, ఆ గోడ చూడముచ్చటగా వచ్చింది. ఊళ్లో వాళ్లు వచ్చి తట్టి చూసి పోయారు. మా మేకపిల్ల మాత్రం అంబలి వాసనకు కింది పట్టీలన్నీ నాకి, మూతి నీలంగా చేసుకుని తిరిగింది. చిలమత్తూరికి కబురు వెళ్లింది.

తాత వచ్చిన రోజు ఎండ నిప్పులు చెరుగుతోంది. ముందు భోజనం, తర్వాత బీడీ అన్నారు. గోడకు ఆనించి పీట వేశారు. సంగటీ పప్పూ వడ్డించారు. ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే, గోడలో ఎక్కడో 'టప్' అంది. చిన్నాయన మొహం తలుచుకుంటే నాకు ఇప్పటికీ జాలేస్తుంది. కోరాగుడ్డ! నానబెట్టని కొత్త కోరాగుడ్డ! అంబలి తడికీ సున్నం తడికీ నాని, ఎండకు ఎండి, ఊళ్లో చొక్కాలన్నీ చేసిన పనే ఆ పట్టీలూ మొదలుపెట్టాయి. ఇంకో 'టప్'. ఇంకొకటి. ఇన్నేళ్లుగా జనం తిట్టిన తిట్లన్నీ గోడే వినిపిస్తున్నట్టుంది.

"ఏమప్పా ఆ సప్పుడు?" అన్నాడు తాత.

"బల్లి, మామా" అన్నాడు నాయన. అంటూనే నా వైపు తిరిగి, "పాపా, తాతకు ఎక్కాలు సెప్పు. గట్టిగా సెప్పు" అని కళ్లెర్ర చేశాడు.

నేను గొంతు చించుకుని రెండో ఎక్కం అందుకున్నాను. మూడు, నాలుగు, ఐదు. గోడ 'టప్' అన్నప్పుడల్లా నేను ఇంకాస్త పెంచాను. చిన్నాయన దగ్గాడు. అవ్వ రోలు ముందేసుకుని వక్కలు లేకుండానే దంచింది. తాత మురిసిపోయి, "బలే సదువుతాండాదే పిల్ల! కానీ, కానీ" అని ఇంకో ముద్ద పెట్టించుకున్నాడు. పన్నెండు దాకా నాకు ఎదురు లేదు. పదమూడులో దిగాను. పదమూడైదులు అరవై ఐదు. పదమూడారులు... పదమూడారులు... అక్కడ నా నోరు ఆగింది. ఇల్లంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో గోడ పై అంచు నుంచి మూరల పొడుగు పట్టీ ఒకటి సర్రుమని ఊడి, తాత భుజాల మీదుగా పడి, ఒక కొస పప్పులో మునిగింది.

తాత దాన్ని ఎడమ చేత్తో ఎత్తి చూశాడు. "ఇదేమప్పా, తినకముందే శాలువా కప్పుతాండారా?" అన్నాడు.

అయినా మాట తప్పకుండా చెయ్యి కడుక్కుని, లోపలికి పోయి, తలుపు వేసుకుని బీడీ ముట్టించాడు. మేమంతా ఇవతల వరసగా నిలబడ్డాం. పొగ రాకపోతే ఆశ్చర్యం. సున్నం కింద ఏనుగు బొమ్మ ఉన్న పలక చుట్టూ నాలుగు వైపుల నుంచీ వచ్చింది. తాత బయటికి వచ్చి చిన్నాయన భుజం మీద చెయ్యేశాడు. "నీ మీద నాకేం కోపం ల్యాదు అల్లుడా. గోడ మీదే. పిల్ల ఆడే ఉంటాది" అని చెప్పి, ఎండలోనే బయల్దేరాడు.

చిన్నాయన ఆ తర్వాత కొన్నాళ్లు మిషన్ ముందు కూర్చుని, దారం ఎక్కించకుండా ఊరికే తొక్కేవాడు. ఆ చప్పుడు వింటే నాకు ఏడుపొచ్చేది. తిండి సరిగ్గా తినేవాడు కాదు. ఒకరోజు పెళ్లిలో పెట్టిన రవికెగుడ్డ పెట్టెలోంచి తీసి, తాను స్నానం చేయాల్సిన నీళ్లలో దాన్ని నానబెట్టాడు. స్నానం మానేశాడు. ఆయన జన్మలో కోసే ముందు నానబెట్టిన మొదటి గుడ్డ అదే. అది అవ్వ చూసింది. ఏమీ అనకుండా లోపలికి వెళ్లి, తన కొయ్యపెట్టె తెరిచింది.

ఆ పెట్టెలో మా తాత తలగుడ్డ ఉండేది. తాత నేను పుట్టకముందే పోయాడు. పలచటి తెల్లటి గుడ్డ, మడత విప్పితే నట్టిల్లు ఈ చివర నుంచి ఆ చివర దాకా వచ్చేది. ఏటా ఉగాదికి అవ్వ దాన్ని బయటికి తీసి, ఎంత కరువైనా చెంబెడు నీళ్లలో జాడించి, ఆరేసి, మళ్లీ మడిచి పెట్టేది. ఆ రోజు మాత్రం ఎవరినీ తిట్టేది కాదు. ఇప్పుడు దాన్ని తెచ్చి చిన్నాయన ఒళ్లో వేసింది.

"ఇది ఎన్ని ఉతుకులు తినిందో లెక్కల్యా. ఇంక కుంచించుకునేకి దీంట్లో ఏం మిగల్ల్యా. కొయ్" అంది.

చిన్నాయన కత్తెర పట్టుకుని అట్లాగే కూర్చున్నాడు. "వద్దులేమ్మా. నాయనది" అన్నాడు.

"మీ నాయనుంటే ఆయప్పే కోసిచ్చుండునుగదరా. పెట్టెలో ఉండి ఏం సేస్తాండాది? కొయ్యి ఇంగ." అని, ఆయన కోయకపోతే తనే కత్తెర లాక్కుని మొదటి కోత కోసింది. కోసి, మొహం పక్కకు తిప్పుకుంది. అమ్మ నన్ను దొడ్లోకి పంపించేసింది.

ఈసారి జిగురు కూడా మారింది. గొంగళ్లు నేసేవాళ్లు ఉన్నినూలుకు పెట్టే చింతగింజల గంజి. గింజలు వేయించి, పొట్టు తీసి, దంచి, కాచితే అది చేతికి అంటుకుంటే తోలు తీసుకుని గానీ వదలదు, మేకపిల్లకు రుచించదు. సందులో ముందు గంజి, దాని మీద తలగుడ్డ పట్టీ, ఈసారి లాగకుండా వదులుగా. బొటనవేలితో అణిచి, మళ్లీ గంజి. ఆరనివ్వడం. తర్వాత హగరి ఏటి ఇసుకలో ఏరుకొచ్చిన నున్నటి రాయితో అంచులు రుద్దడం. మళ్లీ గంజిలో సున్నం కలిపి పలచటి పూత, మళ్లీ రుద్దడం. ఆఖరున సోడాబుడ్డితో దొర్లించడం నా పని. ఇంట్లో ప్రతి ఒక్కరూ తలా ఒక సందు దగ్గర చేరి, వక్కాకు నములుతూ, ఊళ్లో వాళ్ల సంగతులు చెప్పుకుంటూ రుద్దారు. ఊళ్లోనూ అంతమంది సంగతులు లేవు, అయిపోతే మళ్లీ మొదటి నుంచి చెప్పుకున్నాం. వేలితో తడిమితే పలక ఎక్కడ ముగిసిందో, సందు ఎక్కడ మొదలైందో తెలియనంత నున్నగా వచ్చాకే నాయన సున్నం కొట్టనిచ్చాడు.

తాత మళ్లీ వచ్చాడు. ఈసారి భోజనం గోడకు దూరంగా చేశాడు. లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. చిన్నాయన కళ్లు మూసుకున్నాడు. మేం సందు సందునా మొహం పెట్టి చూశాం. పొగ లేదు. ఒక బీడీ అయిపోయినట్టుంది, ఇంకోటి ముట్టించి ఉంటాడు. పొగ లేదు. లోపల దగ్గు మొదలైంది. చిన్న దగ్గు, పెద్ద దగ్గు, ఊపిరాడని దగ్గు. ఆయన పొగంతా ఆయన దగ్గరే ఉంది మరి, పోవడానికి దారేదీ. చివరికి లోపలి నుంచి తలుపు బాదుతూ, "పిల్లను పంపిస్తా! పంపిస్తానప్పా! ముందు తలుపు తీయండి!" అని అరిచాడు. గడియ లోపలే ఉందని ఆయనకు గుర్తు చేయడానికి కొంతసేపు పట్టింది. కళ్ల వెంట నీళ్లు కారుతూ బయటికొచ్చి, అవ్వతో, "బలే గోడక్కా" అన్నాడు. చిన్నాయన అక్కడే కూలబడి, నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియకుండా తలగుడ్డ మిగిలిన ముక్కతో మొహం తుడుచుకున్నాడు.

చిన్నమ్మ వచ్చింది. నానబెట్టి కుట్టిన ఆ రవికె తొడుక్కుంటే సరిగ్గా కుదిరింది. ఊరంతా నమ్మలేక చూడడానికొచ్చింది. అంతా బాగుందనుకుంటే, అవ్వకు ఒక పంతం మిగిలిపోయింది. గది కావాలని అంత పట్టుబట్టిన పిల్ల కదా, గదిలోనే ఉండనీ అనుకుంది. "ఆ తలుపు దిక్కు ఎవరూ పోగూడదు. ఆయమ్మకు గది గావాలంట. గదిలోనే ఉండనీ" అని ఇంటికంతా ఆజ్ఞ వేసింది. కోపం కూడా కాదు, అవ్వ దృష్టిలో అది మర్యాదే. పని చేసుకుని చిన్నమ్మ లోపలికి పోతే, మేం అటు వైపు కన్నెత్తేవాళ్లం కాదు. గోడ ఎంత గట్టిదో మాటలు కూడా దాటేవి కావు.

విత్తనాల కాలం వచ్చింది. పొద్దుగూకే ముందు నట్టింట్లో శెనక్కాయలు పోసుకుని అందరం చుట్టూ కూర్చుని ఒలిచేవాళ్లం. అవ్వ మంచం గోడ పక్కనే. ఒలుస్తూ కథలు చెప్పేది, చెప్తూ తిట్టేది. ఒకరోజు నేను తలెత్తి చూస్తే, ఏనుగు బొమ్మ ఉండాల్సిన చోట, కూర్చున్న మనిషి తల ఎత్తున, సున్నంలో ఒక చిన్న బొక్క. బొక్కలో ఒక కన్ను. కాటుక పెట్టుకున్న కన్ను. నేను గింజ మింగేశాను. కన్ను పోయి, ఆ స్థానంలో చెవి వచ్చింది, కమ్మతో సహా. తలపిన్నుతో పొడిచి పొడిచి, మా తాత తలగుడ్డను, అవ్వ గంజిని, నా సోడాబుడ్డి పనిని, చిన్నమ్మ గుచ్చి పారేసింది!

అవ్వ నా చూపు వెంట చూసింది. కథ ఆపలేదు. మెల్లగా మంచం మీద జరిగి, బొక్క వైపు మొహం పెట్టి, గొంతు పెంచింది. కథ అయ్యాక ఒలిచిన గింజ ఒకటి తీసి బొక్కలోకి తోసింది. అవతల కటుక్కుమని కొరికిన చప్పుడు వినిపించింది. ఇంకోటి తోసింది.

"ఒగదానివే లోపల ఏం సేస్తాండావమ్మా?" అంది అవ్వ, గోడతో.

"నేనడిగినానా అత్తా గది? మా నాయన అడిగినాడు" అంది గోడ. "మా ఇంట్లో పదైదు మందిమి. ఈడ ఒగరి మాట గూడ ఇనపడక, సచ్చిపోతాండా."

అవ్వ లేచి వెళ్లి తలుపు తీసి, చిన్నమ్మ చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చి, శెనక్కాయల కుప్ప ముందు కూచోబెట్టింది. అంతసేపు కూడబెట్టిన తిట్లన్నీ చిలమత్తూరు తాతకు అప్పగించింది. సాయంత్రం చిన్నాయన గంజీ పట్టీ తెచ్చి బొక్క మూయబోతే, "ముట్టుకుంటే సేతులు ఇరిసేస్తా" అంది. ఆయన కాసేపు ఆ బొక్కను చూసి, అంచులు ఇంకా చిరగకుండా చుట్టూ సన్నటి గుడ్డ మడిచి అంటించి, చక్కగా కాజా వేసినట్టు చేశాడు. ఆ మిద్దె ఉన్నన్నాళ్లూ మా గోడకు ఆ కాజా ఉంది. చిన్నమ్మకు ఒంట్లో బాగాలేకపోయినా, పురుడై పడుకున్నా, దాంట్లోంచే గింజలూ బెల్లం ముక్కలూ ఊళ్లో సంగతులూ లోపలికి వెళ్లేవి.

ఇప్పుడు అవ్వ లేదు, నాయనా అమ్మా లేరు, చిన్నాయన పోయి కూడా చాలా కాలమైంది. ఆయన ఉంటే ఈ కాగితం పట్టీలను చూసి, నానబెట్టారా అని తప్పకుండా అడిగేవాడు. అప్పుడు మేం గోడలు లేక ఇబ్బంది పడ్డాం. ఇప్పుడు పిల్లలు ఎంతో ప్రేమగా గోడలు కట్టిస్తున్నారు, నా కొడుకు ఇంట్లోనూ నాకొక చక్కటి గది ఉంది, తలుపు వేస్తే ఏమీ వినిపించదు. దానికి వాళ్లను తప్పుపట్టను. నాకే ఒక్కోసారి గదిలో కూర్చుంటే, ఇంట్లో ఎవరైనా ఉన్నారా అని అనుమానం వస్తుంది.

ఆ రోజు పనివాడు తొలి పూత ముగించి భోజనానికి వెళ్లాడు. తలుపు అప్పటికే బిగించారు. చిన్నమ్మ నన్ను లోపలికి పిలిచి, తలుపు వేయమంది. గోడ తడిగా మెరుస్తోంది. ఆమె తన కుర్చీని, వెనక ఇనుము లేని అడ్డసందు దగ్గరికి జరిపించుకుని, కూర్చుని, తల ఎక్కడికి వస్తుందో వేలితో చూసుకుంది.

"పాపా, నీ తల్లో పిన్నుండాదా?"

తీసిచ్చాను. ఆమె తడి ముద్దలో గుచ్చి తిప్పడం మొదలుపెట్టింది. కాగితం చిరిగిన చప్పుడైంది. అవతల హాల్లో మా మరదలు మనవరాలితో ఉంది. చిన్నమ్మ నా వైపు కంగారుగా చూసి, "గట్టిగా ఏమన్నా సదువే" అంది.

నేను ఏం చదవను? నోటికి వచ్చింది అదొక్కటే. పదమూడో ఎక్కం అందుకున్నాను. పదమూడు రెళ్లు ఇరవయ్యారు, పదమూడు మూళ్లు ముప్పై తొమ్మిది. చిన్నమ్మ మోచెయ్యి దాకా తెల్లబడింది. పదమూడు నాలుగులు, పదమూడైదులు. పదమూడారులు... పదమూడారులు...

గోడలోంచి తమ్ముడి మనవరాలి గొంతు, సన్నగా, చాలా దగ్గరగా వచ్చింది. "సెవెంటీ ఎయిట్ అవ్వా! అది కూడా రాదా నీకు?"

చిన్నమ్మ పిన్ను నా చేతిలో పెట్టి, బొక్కకు చెవి ఆనించింది.

"ఇనపడతాండాది పాపా" అంది.